అమెరికా అంతర్యుద్ధము: పౌరసత్వ పరీక్షార్థులకు

అమెరికా పౌరసత్వము గోరి అధికారి యెదుట మౌఖిక పరీక్షకు గూర్చుండు మన తెలుగువారు, 1861 ఏప్రిల్ 12న సమ్టర్ కోటపై ఫిరంగులు పేలుటతో మొదలై, 1865 ఏప్రిల్ 9న ఆపొమాటక్స్‌లో దక్షిణ సేనాని జనరల్ లీ ఉత్తర సేనాని గ్రాంటునకు లొంగిపోవుటతో దాదాపుగా ముగిసిన అంతర్యుద్ధమును శ్రద్ధగా జదువవలెను. కారణమేమని యడిగినచో బానిసత్వమని నిస్సంకోచముగా జెప్పవచ్చును. ఆర్థిక కారణములు, రాష్ట్రముల హక్కులు అనునవియు 2008 నాటి పరీక్షాప్రశ్నావళిలో అంగీకృత సమాధానములే యైనను, వాని మూలమునందును బానిసత్వమే యున్నదని నా దృఢవిశ్వాసము. 1863 జనవరి 1న అధ్యక్షుడు లింకన్ వెలువరించిన విమోచన ప్రకటన తిరుగుబాటు ప్రాంతములలోని బానిసలనే స్వతంత్రులుగా జేసినది గాని, యూనియన్‌ను (అమెరికా సమాఖ్యను) వీడని కెంటకీ, డెలావేర్ వంటి రాష్ట్రములకు వర్తింపలేదు. అచ్చటి సంకెళ్లు 1865 డిసెంబరులో 13వ రాజ్యాంగ సవరణ వచ్చినపుడు గాని తెగలేదు. ఈ భేదమును మఱవరాదు. పిదప అమెరికాలో జన్మించినవారికి పౌరసత్వము నొసగినది 1868 నాటి 14వ సవరణ.