గీత పడిన అలాయ్ చక్రం: బాగు చేయాలా, మార్చాలా?

ఫుట్‌పాత్ అంచుకు ఒరుసుకుంటే కారు అలాయ్ చక్రంపై గీతలు పడతాయి. పైపై గీతలైతే నునుపుగా రుద్ది రంగు వేస్తే చాలు. పగులైతే సంగతి వేరు.

చాలా చక్రాలను అల్యూమినియంలో సుమారు 7 శాతం సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం కలిపి పోతపోస్తారు. తర్వాత దాదాపు 540 డిగ్రీల సెల్సియస్‌ వద్ద ఉంచి, నీటిలో ముంచి చల్లార్చి, మళ్లీ 150 డిగ్రీలకు కాస్త పైన కొన్ని గంటలు వేడిచేస్తారు. అప్పుడు లోపల ఏర్పడే మెగ్నీషియం, సిలికాన్ సూక్ష్మ కణాలే చక్రానికి బలం. వెల్డింగ్ వేడికి ఆ కణాలు కరిగిపోవడమో, పెద్దవి కావడమో జరిగి లోహం మెత్తబడుతుంది. చక్రం తిరిగే కొద్దీ దానిపై ఒత్తిడి మారుతూనే ఉంటుంది కాబట్టి అక్కడే మళ్లీ పగిలే ప్రమాదం ఉంది.

కంటికి ఆనని పగులును చొచ్చుకుపోయే రంగు ద్రవం పూసి పసిగట్టవచ్చు. పగులు తేలితే చక్రం మార్చడమే క్షేమం.