అప్, డౌన్, ఇన్, ఔట్: పాఠం చెప్పగా తెలిసినవి

ఇంటర్, డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతూనే నా ఉద్యోగకాలం గడిచింది. వాళ్లను పెద్ద పెద్ద పదాలు అంతగా ఇబ్బంది పెట్టలేదు. అప్, డౌన్, ఇన్, ఔట్, త్రూ అనే చిన్న మాటలు మీ, హిమ్, హర్, ఇట్‌ల పక్కన చేరినప్పుడే తడబడేవారు. కొత్తగా బడిలో చేరిన టీచర్లకూ, పరాయి దేశం వెళ్లబోయే పిల్లలకూ అక్కరకొస్తాయని ఇవి రాస్తున్నాను.

1. మన వాక్యం నుంచే మొదలుపెట్టండి.

"పిక్ అప్ ఇట్" అనే కుర్రాడికి సూత్రం చెబితే మర్నాటికి మరిచిపోతాడు. నేను బోర్డు మీద "దాన్ని పైకి తియ్యి" అని రాసేవాణ్ని. చివరనున్న క్రియను చెరిపి వాడి చేతే ముందు రాయించేవాణ్ని: తియ్యి, దాన్ని, పైకి. పిక్, ఇట్, అప్. "దాన్ని కింద పెట్టు" అన్నది పుట్ ఇట్ డౌన్ అవుతుంది. "నన్ను లోపలికి రానివ్వు" అన్నది లెట్ మీ ఇన్. ముందు సర్వనామం, దాని వెనక దిక్కు. ఈ వరస రెండు భాషల్లోనూ ఒకటే, చోటు మారేది క్రియ ఒక్కటే. ఇది పట్టుబడిన పిల్లల ముఖంలో వచ్చే ధైర్యం నేను చాలాసార్లు చూశాను.

సర్వనామం బదులు పుస్తకం అన్న మాట పెడితే పిక్ అప్ ద బుక్ అన్నా, పిక్ ద బుక్ అప్ అన్నా ఒప్పే. ఇట్‌కి ఆ వెసులుబాటు లేదు. ఇట్ అంటే ఏమిటో వినేవాడికి ముందే తెలుసు కాబట్టి దాని మీద ఊనిక పడదు. ఇంగ్లీషు వాక్యం చివర ఊనిక పడే మాట కోరుకుంటుంది. అందుకే అక్కడ అప్ ఉండాలి. చదివేటప్పుడు కూడా అప్‌నే గట్టిగా పలికించండి.

2. మాట అర్థం దారి మళ్లిందని భయపడొద్దు.

"కష్టపడి పైకొచ్చాడు" అంటే మెట్లెక్కాడని మనలో ఎవరూ అనుకోరు. నాలుగు రాళ్లు వెనకేసుకున్నాడంటాం. కొడుకుని వెనకేసుకొచ్చిందంటాం, దీన్నే ఇంగ్లీషువాడు బ్యాక్డ్ హిమ్ అప్ అంటాడు. పోలీసులు లోపలేశారంటాం. బ్రిటన్‌లో ఒకణ్ని జైలుకి పంపితే సెంట్ హిమ్ డౌన్ అంటారు. మనం లోపలికి వేస్తే వాళ్లు కిందికి పంపుతారు. అక్కడి పాత కోర్టులు చాలావాటిలో బోనులోంచి మెట్లు దిగితే కింద ఖైదీల గదులుండేవి. శిక్ష చదివాక జడ్జి "టేక్ హిమ్ డౌన్" అంటే అక్షరాలా కిందికి తీసుకెళ్లమనే. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ఒక విద్యార్థిని వెళ్లగొట్టినా సెంట్ హిమ్ డౌన్ అనే అంటారు, ఎందుకంటే అక్కడ చదువుకు వెళ్లడాన్ని పైకి వెళ్లడం అంటారు. ఇలాంటి మెట్లూ దారులూ దొరికినప్పుడల్లా పిల్లలకు చూపించండి. దొరక్కపోతే లేనిది కల్పించి చెప్పకండి.

3. అప్ అన్నంత మాత్రాన పైకి చూడనక్కర్లేదు.

డ్రింక్ ఇట్ అప్ అంటే తాగెయ్యి. మన "ఎయ్యి" ఏ పని చేస్తుందో ఇక్కడ అప్ ఆ పనే చేస్తోంది, మిగల్చకుండా పూర్తి చెయ్యమని. అలాగే డౌన్ అన్నా కిందికి చూడనక్కర్లేదు: రైట్ ఇట్ డౌన్ అంటే రాసిపెట్టుకో.

4. సర్వనామం ఎటుపక్క ఉందో చూసి మరీ అర్థం చెప్పండి.

మొదటి పాఠం అన్నిచోట్లా చెల్లదు. లుక్ ఆఫ్టర్ హర్‌లో హర్ చివరే ఉంటుంది, ముందుకు రాదు. ఇక సీ, త్రూ, హిమ్ అనే మూడు మాటలు తీసుకోండి. సీ హిమ్ త్రూ అంటే వాడు గట్టెక్కేదాకా తోడుండటం. సీ త్రూ హిమ్ అంటే వాడి నటన కనిపెట్టేయడం. మాటలవే, హిమ్ ఒక్క అడుగు జరిగింది. కష్టం అనే సొరంగంలోంచి అవతలికి చేరేది మొదటి వాక్యంలో వాడు, రెండో దాంట్లో వాణ్ని దాటి అవతలికి పోయేది మన చూపు. బోర్డు మీద బొమ్మ గీస్తే వెనక బెంచీలో పిల్లలకు కూడా అర్థమైపోతుంది.

5. జాబితాలు బట్టీ పట్టించకండి.

పుట్ లాంటి ఒక్క క్రియ తీసుకుని దిక్కులు మార్చి చూడండి. ట్రంక్ కాల్ బుక్ చేసిన రోజుల్లో ఆపరేటర్ "పుటింగ్ యూ త్రూ" అనేది, అంటే లైను కలుపుతున్నాననే. పుట్ మీ అప్ అంటే రాత్రికి ఇంట్లో చోటివ్వమని. పుట్ మీ డౌన్ అంటే చంకలో పిల్లాడు దింపమని ఏడవడం కావచ్చు, నలుగురిలో చులకన చేయడం కావచ్చు. ఏదన్నది సందర్భం చెబుతుంది, డిక్షనరీ చెప్పదు.

ఈ మాటల దగ్గర తడబడటం మన పిల్లల మందబుద్ధి ఎంతమాత్రం కాదు. 1755లో నిఘంటువు వేసిన శామ్యూల్ జాన్సన్ తన ముందుమాటలోనే, పరాయి భాషవాళ్లకు అన్నిటికన్నా కష్టంగా ఉండేవాటిలో ఇలా క్రియకు చిన్న మాట చేరే జంటలు ఉన్నాయని రాశాడు. ఈ జంటలకు ఫ్రేజల్ వెర్బ్ అనే పేరు లోగన్ పియర్సల్ స్మిత్ 1925 నాటి పుస్తకంతో వాడుకకొచ్చింది. పేరు నిన్నమొన్నటిది, వాడకం ఎంతో పాతది.

6. వెళ్లే చోటు తెలుసుకుని నేర్పండి.

నా దగ్గర చదివిన ఒకమ్మాయి ఇంగ్లండులో నర్సుగా చేరింది. మందుల పేర్లు, రోగాల పేర్లు ఆమెకు కొట్టిన పిండి. డాక్టరు ఒక రోగి గురించి "డిడ్ హీ కీప్ ఇట్ డౌన్?" అని అడిగితే మాత్రం ఆగిపోయిందట. తిన్నది కడుపులో నిలిచిందా, వాంతి అయిందా అని ఆ ప్రశ్న. బ్రాట్ ఇట్ అప్ అంటే కక్కేశాడని. అదే మాట మీటింగులో వింటే ఆ విషయం ఎత్తాడని అర్థం. అదే కీప్ ఇట్ డౌన్ వరండాలో వినబడితే గొంతు తగ్గించమని.

ఆ తర్వాత నర్సింగు పిల్లలెవరు నా దగ్గరికి వచ్చినా ముందు వ్యాకరణం తీయలేదు. మంచం మీద ఒకరిని పడుకోబెట్టి, రెండోవాళ్ల చేత చేయిస్తూ పలికించేవాణ్ని: సిట్ హర్ అప్, టర్న్ హర్ ఓవర్, లే హర్ డౌన్. చెయ్యి కదిలిన వైపే మాట కూడా వచ్చేది. రోగి తిన్నది నిలిచిందా, వాంతి అయిందా అన్నది మాత్రం ఆఖర్న విడిగా చెప్పేవాణ్ని, డాక్టరు ఎలా అడుగుతాడో అలాగే.