ఇల్లు కొనుటకు ముందు శ్లాబు క్రింద చూడుడి



సూరత్‌లోనో హైదరాబాదులోనో కష్టపడి నాలుగు రూపాయలు కూడబెట్టుకొన్న మనవారు కొందరు మార్కండి ప్రాంతములో ఇల్లు కొనుటకు తలపెట్టుచున్నారు. సంతోషమే. అయితే ఫోనులో వచ్చిన ఫోటోలు చూచి బయానా పంపుట తగదు. అమెరికాలో ఇల్లు పరీక్షించి వ్రాతపూర్వకముగా నివేదిక ఇచ్చుటే వృత్తిగా గలవారున్నారు. మన ఊళ్లలో ఆ పని అనుభవముగల తాపీ మేస్త్రీని వెంటబెట్టుకొని మనమే చేసికొనవలెను.

ఇసుక మీద కట్టిన ఇల్లు అనగానే మనకు ప్రసంగము గుర్తుకు వచ్చును. కాని ఈ ఒడ్డున ఇసుక కన్న ఉప్పు ఎక్కువ కీడు చేయును. ఉప్పుగాలి కాంక్రీటులోనికి దిగి చువ్వలకు తుప్పు పట్టించును. సముద్రపు ఇసుక కలిపి కట్టినయెడల ఉప్పు మొదటినుండి లోపలనే ఉండును. తుప్పు ఇనుము కన్న రెండింతలకు పైగా చోటు ఆక్రమించును గనుక కాంక్రీటు లోపలినుండి పగిలి పెచ్చులుగా రాలును. సముద్రతీర వాతావరణములో చువ్వపై కనీసము 45 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండవలెనని భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 456 (2000) చెప్పుచున్నది. మేము చూచిన పాత డాబాలు కొన్నింటిలో బొటనవ్రేలి మందము కూడ లేదు.

కాబట్టి ముందు తల పైకెత్తి శ్లాబు అడుగు చూడవలెను. చువ్వ వెంబడి తిన్నగా సాగిన బీట, గోధుమరంగు మరక కనబడినచో జాగ్రత్తపడుడి. చిన్న సుత్తితో మెల్లగా తట్టించుడి; గుల్ల శబ్దము వచ్చినచోట పెచ్చు విడిపోయినదని అర్థము. సజ్జాల అడుగు, స్నానపుగది పైకప్పు, నీళ్లట్యాంకు స్తంభములు మరువవద్దు. గోడ అడుగున తెల్లని ఉప్పుపొడి నిమ్మునకు గుర్తు. ఇల్లంతా పాతదై, క్రింది మూడు అడుగులకు మాత్రము క్రొత్త రంగు వేసియున్నయెడల ఎందుకని అడుగుడి. వర్షము కురిసిన మరునాడు చూచుట అన్నిటికన్న మేలు.

2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి పైలీన్ తుపాను గోపాలపురము దగ్గర తీరము దాటినప్పుడు గాలి గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగముతో వీచెను. ఆ రాత్రి ఈ ఇల్లు ఎట్లు నిలిచినది, నీరు వాకిట ఎంతవరకు వచ్చినది అని ఇరుగుపొరుగువారిని అడుగుడి. అమ్మువారికన్న వారే సరిగా చెప్పుదురు. బావినీరు ఎండకాలములో ఉప్పగా మారునా అనికూడ వారినే అడుగవచ్చును.

కాగితముల సంగతి క్లుప్తముగా. పట్టా ఒడియాలో ఉండును. చదువరాని మనవారు నమ్మకమైనవారిచే చదివించుకొని, స్థలము ఘరబారిగా నమోదైనదో లేదో తెలిసికొనవలెను. సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో ఎన్‌కంబ్రెన్సు సర్టిఫికెట్టు తీయించవలెను. ఒడ్డుకు దగ్గరి స్థలమైతే 2019 తీరప్రాంత నియంత్రణ ప్రకటన దానికి వర్తించునేమో విచారింపవలెను.

కనబడిన లోపములను తేదీతో కాగితముపై వ్రాయించి, బాగుచేయుటకు ఎంత ఖర్చగునో మేస్త్రీచేత లెక్కకట్టించుడి. ఆ మొత్తమును ధరలో తగ్గించమని అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు. మేస్త్రీకి ఆ రోజు కూలి మాత్రము మనమే ఇవ్వవలెను. అమ్మువారు పిలిచిన మేస్త్రీకి సాధారణముగా ఏ గుల్ల శబ్దమూ వినబడదు.