లాప్‌టాప్‌కు కూడా ఒక రిజిస్టరు ఉండాలి

 

నేను ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. చదివింది బి.కాం. కంప్యూటరు శాస్త్రం నా చదువు కాదు. అయినా ఈ సంచికలో కంప్యూటరు పాఠం రాయడానికి పూనుకున్నానంటే మా ఇంట్లో జరిగిన ఒక సంగతే కారణం. ఉపకార వేతనం డబ్బుకు ఇంట్లోవాళ్లు మరికొంత కలిపితే, దానితో పాత లాప్‌టాప్ కొనుక్కుని చదువుకునే పిల్లలు మన బీదర్‌లో చాలామంది ఉన్నారు. అది చెడిపోతే వెంటనే ఇంకొకటి కొనే స్థోమత అందరికీ ఉండదు. అలాంటి వారికి ఈ పాఠం ఉపయోగపడుతుందని నా నమ్మకం.

జరిగిన సంగతి

మా మనవరాలు బి.సి.ఏ. ఆఖరి సంవత్సరంలో ఉన్నప్పుడు సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లో లినక్స్ వేసుకుని ప్రాజెక్టు చేస్తూ ఉండేది. రిపోర్టు అప్పగించడానికి పది రోజులు ఉందనగా ఏదో కొత్త సాఫ్ట్‌వేర్ అవసరమైంది. ఇంటర్నెట్‌లో ఒకచోట చెప్పిన కమాండ్ ఒకటి, మరోచోట చెప్పినది ఇంకొకటి, అవీ ఇవీ వరుసగా కొట్టింది. మర్నాడు పొద్దున తెరిస్తే నల్లటి తెర తప్ప ఏమీ లేదు. రిపేరు షాపులో ఫార్మాట్ చేసి ఇచ్చారు. రిపోర్టులో చివరి పద్దెనిమిది పేజీలకు ఇంకెక్కడా కాపీ లేదు. అవి పోయాయి. పిల్ల రెండు రాత్రులు నిద్ర లేకుండా మళ్లీ టైపు చేసుకుంది.

పేజీల కన్నా ఎక్కువ సమయం తిన్నది మరొకటి ఉంది. లాప్‌టాప్‌ను మళ్లీ మునుపటిలా చేసుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. "ఇందులో ఇంతకుముందు ఏమేం ఉండేవమ్మా?" అని అడిగాను. "గుర్తు లేదు తాతా" అంది.

మా బ్యాంకులో డెడ్ స్టాక్ రిజిస్టరు అని ఒకటి ఉండేది. బ్రాంచిలో ఎన్ని కుర్చీలు, ఎన్ని బల్లలు, ఎన్ని ఫ్యాన్లు, ఎప్పుడు వచ్చాయి అన్నీ అందులో రాసి ఉంటాయి. ఇన్‌స్పెక్టరు వస్తే రిజిస్టరు చేత్తో పట్టుకుని గదులన్నీ తిరిగి లెక్క చూసేవాడు. ఆయన ముందు "గుర్తు లేదు సార్" అనడానికి లేదు. లాప్‌టాప్‌కు అలాంటి రిజిస్టరు ఎందుకు ఉండకూడదు అని నాకు అప్పుడే అనిపించింది. ఉందని తర్వాత తెలిసింది. ఆ పిల్ల కాలేజీ అధ్యాపకులు ఒకరు చెబితే తను నేర్చుకుంది. తన దగ్గర నేను నేర్చుకున్నాను.

రెండు పద్ధతులు

కంప్యూటరుకు పని చెప్పడంలో రెండు పద్ధతులు ఉన్నాయి.

మొదటిది, ఒక్కొక్క పనీ చెప్పడం. ఇది ఎక్కించు, అది తీసెయ్యి, ఈ ఫైలులో ఈ గీత మార్చు. ఇప్పటి స్థితి ఎలా ఉంటే ఫలితం అలా ఉంటుంది. ఆర్నెల్లు గడిచాక ఏం చేశామో మనకే తెలియదు.

రెండవది, చివరికి ఏం ఉండాలో రాసి ఇవ్వడం. బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. ప్రతి నెలా 5వ తేదీన నా ఆర్.డి. ఖాతాలో 500 రూపాయలు పడాలి అని ఒక్కసారి రాసిస్తాం. ఏ వోచరు రాయాలి, ఏ లెడ్జరులో పోస్టు చేయాలి అన్నది మన పని కాదు, బ్యాంకు పని. ఈ రెండవ పద్ధతినే ఆంగ్లంలో డిక్లరేటివ్ అంటారు. తెలుగులో ప్రకటన పద్ధతి అనుకోవచ్చు. ఏం కావాలో మనం ప్రకటిస్తాం, ఎలా చేయాలో యంత్రం చూసుకుంటుంది.

నిక్స్ఓఎస్ పరిచయం

లినక్స్ 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినది. అందులో ఇప్పుడు ఎన్నో రకాలు ఉన్నాయి. మన దేశంలో సీ-డాక్ సంస్థ 2007లో తెచ్చిన బాస్ లినక్స్ వాటిలో ఒకటి. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో కనిపించే లినక్స్ కోసం కృషి చేసింది. ఈ కుటుంబంలోదే నిక్స్ఓఎస్ కూడా.

దీని మూలం నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం. అక్కడ ఎల్కో డోల్‌స్ట్రా 2003లో నిక్స్ అనే పనిముట్టును మొదలుపెట్టి, దాని మీదే 2006లో డాక్టరేటు సిద్ధాంత గ్రంథం సమర్పించారు. దాని ఆధారంగా వచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్ నిక్స్ఓఎస్. దీనికి డబ్బు కట్టనక్కరలేదు. ఏటా మే, నవంబరు నెలల్లో కొత్త విడుదల వస్తుంది. ఇదే ఆలోచనతో నడిచే మరొకటి గ్నూ గీక్స్.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలుగా ఇచ్చే భద్రతా సవరణలు ఆగిపోయాయి. చాలా పాత లాప్‌టాప్‌లకు విండోస్ 11 అర్హత లేదు. కాబట్టి పాత యంత్రం ఉన్నవారు లినక్స్ గురించి తెలుసుకోవడం ఇప్పుడు మరీ అవసరం.

లోపల ఏం జరుగుతుంది

నిక్స్ఓఎస్‌లో కాన్ఫిగరేషన్ డాట్ నిక్స్ అనే ఒక ఫైలు ఉంటుంది. ఇదే మన రిజిస్టరు. ఇందులో వాడేవారి పేరు, గడియారం ఏ దేశానిది, ప్రింటరు కావాలా వద్దా, ఏ సాఫ్ట్‌వేర్లు ఉండాలి అన్నీ రాసి ఉంటాయి. రాశాక నిక్స్ఓఎస్-రీబిల్డ్ స్విచ్ అనే కమాండ్ ఇస్తే, యంత్రం రిజిస్టరు చదివి తనను తాను దానికి తగినట్టు మార్చుకుంటుంది. ఒక పేరు చేరిస్తే ఆ సాఫ్ట్‌వేర్ వస్తుంది. పేరు తీసేస్తే కొత్త ఏర్పాటులో అది కనిపించదు.

ఇందులో నాకు బాగా నచ్చిన విషయం వేరే ఉంది. బ్యాంకు లెడ్జరులో తప్పు పడితే రబ్బరుతో చెరపకూడదు. పాత అంకె కనిపించేలా కొట్టివేసి, పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. నిక్స్ఓఎస్ కూడా పాతదాన్ని చెరపదు. ప్రతి సాఫ్ట్‌వేరూ నిక్స్ స్టోర్ అనే చోట తన సొంత అరలో ఉంటుంది. ఆ అర పేరు ముందు 32 అక్షరాల గుర్తు ఒకటి ఉంటుంది. కొత్త వెర్షన్ వేరే అరలోకి వస్తుంది, పాత అర ముట్టుకోదు. మనం రీబిల్డ్ చేసిన ప్రతిసారీ కొత్త జనరేషన్, అంటే కొత్త తరం, తయారవుతుంది. లాప్‌టాప్ వెలిగించేటప్పుడు వచ్చే పట్టికలో ఈ తరాలన్నీ వరుసగా కనిపిస్తాయి. కొత్తది మొరాయిస్తే నిన్నటిదాన్ని ఎంచుకుని లోపలికి వెళ్లవచ్చు. ఆనాడు మా పిల్లకు ఈ సౌకర్యం ఉంటే షాపు గడప ఎక్కే పని ఉండేది కాదు.

మన ఊరికి తగిన జాబితా

బీదర్ నాలుగు భాషల ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో ఉర్దూ, మరాఠీ. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న జిల్లా కదా! మా ఇంటి జాబితాలో ఉన్నవి ఇవి:

1. కాలం: ఏషియా, కోల్‌కతా.
2. అక్షరాలు: నోటో ఫాంట్లు. తెలుగు, కన్నడం, దేవనాగరి, ఉర్దూ నాలుగూ చదవడానికి.
3. టైపింగు: ఐబస్, దానితో ఎం17ఎన్. ఆయా భాషల్లో రాయడానికి.
4. చదువు: ఫైర్‌ఫాక్స్, లిబ్రె ఆఫీస్, పైథాన్.
5. ప్రింటింగ్ సౌకర్యం: ఉండాలి.

ఫైలులో ఇవి ఆంగ్ల అక్షరాల్లో, నిర్ణీత పద్ధతిలో రాయాలి. ఒక్కొక్క నిర్ణయం ముగిసిన చోట సెమీకోలన్ పెట్టాలి. నేను మొదటిసారి ఒక సెమీకోలన్ మరిచాను. యంత్రం తప్పు ఉన్న చోటు దరిదాపుల్లోని వరుస నంబరు చూపించి, పని చేయనని చెప్పింది. సంతకం లేని వోచరును కౌంటరులో వెనక్కి ఇచ్చినట్టే అనుకోండి. లాప్‌టాప్ ఎప్పటిలాగే నడిచింది, ఏమీ చెడలేదు.

నేర్చుకునే క్రమం

1. ముందుగా మీ చదువు ఫైళ్లన్నీ పెన్‌డ్రైవులోకో వేరే చోటికో కాపీ చేసుకోండి. లాప్‌టాప్‌లో కొత్త సిస్టమ్ వేసేటప్పుడు పాతవి చెరిగిపోవచ్చు.
2. నిక్స్ఓఎస్ అధికారిక సైటు నుంచి గ్రాఫికల్ ఇన్‌స్టాలర్ దింపి, 8 జీబీ పెన్‌డ్రైవు మీదకు ఎక్కించండి. దానితో లాప్‌టాప్ వెలిగించి, వైఫై, శబ్దం, తెర సరిగా పనిచేస్తున్నాయో లేదో చూడండి. అప్పటిదాకా ఇన్‌స్టాల్ నొక్కకండి.
3. ఇన్‌స్టాల్ చేశాక మొదటి ఫైలు అదే తయారు చేసి ఇస్తుంది. ఒకేసారి పది మార్పులు చేయకండి. ఒకటి మార్చండి, రీబిల్డ్ చేయండి, చూడండి.
4. అనుమానం ఉన్న మార్పుకు స్విచ్ బదులు టెస్ట్ అనే మాట వాడండి. మార్పు అప్పటికి అమలవుతుంది గాని పట్టికలోకి చేరదు. లాప్‌టాప్ ఆపి మళ్లీ వెలిగిస్తే పాత స్థితే వస్తుంది.
5. ఏదైనా సాఫ్ట్‌వేర్ ఒక్కసారి వాడి చూడాలంటే నిక్స్-షెల్ ఉంది. రిజిస్టరులో ఎక్కించకుండానే చూడవచ్చు.
6. ప్రతి మార్పు పక్కన తేదీ, కారణం రాయండి. సంఖ్య గుర్తు, అంటే హ్యాష్, పెట్టి రాసిన మాటలను యంత్రం పట్టించుకోదు. అవి మీ కోసమే.
7. ఫైలు కాపీ ఒకటి పెన్‌డ్రైవులో, ఒకటి మీ ఈమెయిలులో ఉంచండి. కంప్యూటరు విద్యార్థులైతే గిట్ నేర్చుకుని అందులో ఉంచడం ఇంకా మంచిది.

మరచిపోకూడని జాగ్రత్తలు

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటి చెబుతాను. ఈ రిజిస్టరు కుర్చీలకు, బల్లలకు లెక్క. బీరువాలోని నగలకు కాదు. మీ ప్రాజెక్టు, నోట్సు, ఫోటోలు ఇందులోకి రావు. పాత తరానికి వెనక్కి వెళ్లినా చెరిపేసిన రిపోర్టు తిరిగి రాదు. వాటికి వేరే బ్యాకప్ తప్పనిసరి. మా ఇంట్లో ప్రతి ఆదివారం కాపీ తీస్తాం.

పాస్‌వర్డులు ఈ ఫైలులో రాయకండి. స్టోరులోకి వెళ్లినదాన్ని ఆ యంత్రం వాడే ఎవరైనా చదవగలరు.

హార్డ్‌వేర్-కాన్ఫిగరేషన్ అనే రెండో ఫైలు ఆ ఒక్క లాప్‌టాప్‌కే చెందుతుంది. దాన్ని స్నేహితుడికి ఇవ్వకండి. ఏ యంత్రానిది ఆ యంత్రమే తయారు చేసుకోవాలి. స్టేట్‌వెర్షన్ అనే వరుసను కొత్త విడుదల వచ్చిందని మార్చకండి.

పాత తరాలు డిస్కులో చోటు తింటాయి. కొత్తది కొన్ని రోజులు బాగా నడిచిందని రూఢి చేసుకున్నాకే నిక్స్-కలెక్ట్-గార్బేజ్ తో పాతవి తీసేయండి. రికార్డు రూము కాగితాలను గడువు తీరాకే కదా పారేసేది!

ఇంటర్నెట్‌లో దొరికే మామూలు లినక్స్ ప్రోగ్రాములు దించగానే ఇందులో నడవకపోవచ్చు. సాధారణంగా అవసరమయ్యేవి దీని సొంత సంగ్రహంలోనే ఉంటాయి. అందులో లక్షకు పైగా ప్యాకేజీలు ఉన్నాయి. కామర్స్ విద్యార్థులకు ఒక మాట: ట్యాలీ విండోస్ కోసం చేసిన సాఫ్ట్‌వేర్. మీ పరీక్షకు విండోస్ తప్పనిసరి అయితే దాన్ని తీసివేయకండి. పరీక్షలు దగ్గర పడ్డాక ఎవరూ ఇలాంటి ప్రయోగాలు మొదలుపెట్టకండి. సెలవుల్లో చేయండి.

నిక్స్ఓఎస్ వద్దనుకునేవారికీ ఈ పాఠం వర్తిస్తుంది. విండోస్‌లో విన్‌గెట్ ఎక్స్‌పోర్ట్ అనే కమాండ్ సాఫ్ట్‌వేర్ల జాబితా తీసి ఇస్తుంది. అదీ కాదంటే రెండు వందల పేజీల నోటుపుస్తకం ఉంది. తేదీ వేసి, ఏం ఎక్కించామో, ఎందుకో రాసుకోండి.

ఫలితం

ఏడాది తర్వాత అదే లాప్‌టాప్ హార్డ్ డిస్కు పూర్తిగా పోయింది. ఈసారి పిల్ల ఏడవలేదు. కొత్త ఎస్ఎస్‌డి తెచ్చి బిగించాం. సాయంత్రం ఆరింటికి కూర్చుంది. ఇన్‌స్టాల్ చేసి, పెన్‌డ్రైవులోని రిజిస్టరు పెట్టి, రీబిల్డ్ చేసి, ఆదివారం కాపీ నుంచి ఫైళ్లు తెచ్చుకుంది. రాత్రి భోజనానికి లేచేసరికి లాప్‌టాప్ మునుపటిలా ఉంది. పోయింది బుధవారం దాకా రాసిన మూడు రోజుల నోట్సు మాత్రమే. "ఇక నుంచి రోజూ కాపీ తీస్తాను తాతా" అంది. అడగకుండా చెప్పింది.

తల్లిదండ్రులకు మనవి. పిల్లలకు లాప్‌టాప్ కొనిచ్చేటప్పుడు దానితో పాటు ఒక పెన్‌డ్రైవు కూడా కొనివ్వండి. అప్పుడప్పుడు "కాపీ తీశావా?" అని అడగండి. అలా అడగడానికి మీకు కంప్యూటరు రానక్కరలేదు.

అభ్యాసం

1. మీ లాప్‌టాప్‌లో చదువుకు అవసరమైన సాఫ్ట్‌వేర్ల పేర్లు చూడకుండా రాయండి. తర్వాత తెరిచి పోల్చండి. ఎన్ని మరిచారు?
2. ఈ రోజు మీ లాప్‌టాప్ పోతే తిరిగి రానివి ఏవి? వాటి కాపీ ఎక్కడ ఉంది?
3. ఒక్కొక్క పని చెప్పడానికీ, కావలసినది ప్రకటించడానికీ మీ ఇంట్లో కనిపించే ఉదాహరణ ఒక్కొక్కటి రాయండి.

రెండో ప్రశ్నకు జవాబు లేనివారు ఈ పత్రిక పక్కన పెట్టి ముందు కాపీ తీసుకోండి. మిగతా పాఠం రేపు చదవవచ్చు.

అందరూ బాగా చదివి వృద్ధిలోకి రావాలని కోరుకుంటూ,

మీ శ్రేయోభిలాషి,
ఒక రిటైర్డు బ్యాంకు గుమాస్తా, బీదర్