మద్రాసు రాజధానిలో స్త్రీల ఓటు హక్కు

1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటు హక్కు ప్రసాదించినదని విద్యార్థులు పరీక్షలలో వ్రాయుట పరిపాటి. "ప్రసాదించినది" అనే మాట నాకు రుచించదు. అడిగినవారు లేకుండా ఆ హక్కు రాలేదు.

1917 మే నెలలో అడయారులో మార్గరెట్ కజిన్స్, అనిబిసెంటు ప్రభృతుల కృషితో భారత మహిళా సంఘం ఏర్పడింది. ఆ డిసెంబరులోనే సరోజినీ నాయుడు నాయకత్వాన ఒక మహిళా ప్రతినిధి వర్గం మద్రాసులో భారత వ్యవహారాల మంత్రి మాంటేగును దర్శించింది. బేగం హస్రత్ మొహానీ కూడా అందులో సభ్యురాలు. రానున్న సంస్కరణలలో "ప్రజలు" అనే పదంలో స్త్రీలు కూడా చేరుదురని గుర్తింపుమని వారు కోరారు. ఎంత చిన్న కోరిక! సౌత్‌బరో సంఘం దానిని కూడా అంగీకరింపలేదు. పర్దాను ఒక సాకుగా చూపింది. 1919 చట్టం ఆ భారాన్ని రాష్ట్ర శాసనమండళ్లపై వదిలివేసింది. బ్రిటిషు ఇండియాలో మొట్టమొదట తీర్మానించినది మద్రాసే. సర్కారు, రాయలసీమ జిల్లాలు ఆనాడు ఆ రాజధానిలోనివే. తెలంగాణ హైదరాబాదు సంస్థానంలో ఉండేది.

అయితే తీర్మానం తొలగించినది స్త్రీ అనే అనర్హతను మాత్రమే. ఆస్తి అర్హత యథాతథంగా నిలిచింది. భూమి శిస్తు, పన్ను ఎవరి పేర చెల్లునో వారికే ఓటు. పట్టా భర్త పేర ఉన్న ఇంట భార్యకు ఆ తీర్మానం వలన ఒరిగినదేమి? ముస్లిం ధర్మశాస్త్రం కుమార్తెకు ఆస్తిలో భాగం విధించినది. కాని ఆ భాగాన్ని ఆమె పేర వ్రాయించిన తండ్రులు, సోదరులు ఎందరో మనకు తెలియనిది కాదు. 1926లో కమలాదేవి చట్టోపాధ్యాయ మద్రాసు మండలికి పోటీచేసి స్వల్ప తేడాతో ఓడిపోయారు. మరుసటి సంవత్సరం ముత్తులక్ష్మీ రెడ్డి సభలో ప్రవేశించారు, నియమితురాలిగా.

ఆస్తి నిబంధన పూర్తిగా తొలగినది స్వతంత్ర భారత రాజ్యాంగంతోనే. 1952లో మాసూమా బేగం హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. ఆ మొదటి సార్వత్రిక ఎన్నికల జాబితాలలోనే మరొక చిత్రం జరిగింది. ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాలలో పెక్కుమంది స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానావారి భార్యననో, కుమార్తెననో వ్రాయించుకొన్నారు. ఎన్నికల ప్రధానాధికారి సుకుమార్ సేన్ సొంత పేరు లేనిదే ఓటు లేదన్నారు. సుమారు 28 లక్షల మంది స్త్రీలు జాబితా నుండి తొలగింపబడ్డారు.