ఏ మీట దేనికి?

పిల్లలూ! మీ యింట్లో స్విచ్చిబోర్డు ఒకసారి చూడండి. తిరువూరులో అయినా, విజయవాడలో అయినా, ఏ యింటికి వెళ్ళినా గోడమీద ఒకే తీరు. వరసగా అయిదారు స్విచ్చులు. అన్నీ ఒకే రంగు, ఒకే సైజు, ఒకే ఆకారం. వాటిలో ఒకటి ఫ్యానుది, ఒకటి ట్యూబులైటుది, ఒకటి వరండా లైటుది. ఏది దేనిదో బోర్డుమీద ఎక్కడా రాసివుండదు. మీకు అలవాటే కనుక మీరు చీకట్లోనయినా సరిగ్గానే నొక్కుతారు. కాని ఊరినుండి వచ్చిన చుట్టాన్ని ఫ్యాను వేసుకోమనండి. ముందు ట్యూబులైటు వెలుగుతుంది. తర్వాత వరండాలో దీపం వెలుగుతుంది. మూడోసారికో నాలుగోసారికో ఫ్యాను తిరుగుతుంది. ఆయన సిగ్గుపడి నవ్వుతాడు. ఇందులో ఆయన తప్పేముంది? తప్పు బోర్డుది.

వస్తువు వాడేటప్పుడు ఎవరయినా పొరబడితే ఆ మనిషినే తప్పుపట్టడం మనకు అలవాటు. "కంగారు మనిషి" అంటాం. "చదువు లేదు, పాపం" అంటాం. మనిషిని అనేముందు వస్తువును చూడమని చెప్పే శాస్త్రం ఒకటుంది. అది బలంగా వేళ్ళూనింది యుద్ధకాలంలో, విమానాల దగ్గర.

రెండవ ప్రపంచయుద్ధం రోజుల్లో అమెరికావారి బి-17 బాంబరు విమానాలు కొన్ని క్షేమంగా నేలమీద దిగేవి. దిగిన తర్వాత చక్రాలు ముడుచుకుపోయి పొట్టమీద కూలబడేవి! యంత్రంలో లోపం కనపడలేదు. పైలట్లు నేర్పులేనివాళ్ళూ కారు. ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పైలట్ కూర్చునే చోటికి వెళ్ళి చూశాడు. రెక్కలకుండే ఫ్లాపులను కదిపే మీట, చక్రాలను ముడిచే మీట పక్కపక్కనే వున్నాయి. రెండూ అచ్చం ఒకేలా వున్నాయి, మన స్విచ్చుల్లాగే! అలసిపోయి దిగిన పైలట్ ఫ్లాపులు ముడవబోయి చక్రాలు ముడిచేవాడన్నమాట. చపానిస్ చేయించిన మార్పు చాలా చిన్నది. చక్రాల మీట చివర ఒక చిన్న రబ్బరు చక్రం, ఫ్లాపుల మీట చివర రెక్కను పోలిన కోసుగా వుండే ముక్క. ఇక కళ్ళతో చూడనక్కరలేదు, చేతికే తెలిసిపోతుంది. నేటికీ విమానాల్లో చక్రాల మీటకు చక్రం ఆకారమే వుంటుంది.

ఇదే చపానిస్ 1959లో లిండెన్‌బామ్ అనే సహచరుడితో కలిసి వంటపొయ్యిని పరీక్షకు పెట్టాడు. మన ఇళ్ళలో వుండే రెండు బర్నర్ల పొయ్యితో చిక్కులేదు. ఎడమ మీట ఎడమ బర్నరుది, కుడి మీట కుడి బర్నరుది. నాలుగు బర్నర్ల పొయ్యితోనే తంటా. బర్నర్లేమో ముందు రెండు, వెనుక రెండు. మీటలేమో నాలుగూ ఒకే వరసలో. ఏ మీట దేనిదో ఎన్ని విధాల అమర్చవచ్చు? 4×3×2×1, అంటే 24 విధాలు. వండేవాళ్ళు ప్రతి పొయ్యికీ కొత్తగా జ్ఞాపకం పెట్టుకోవాలి! వెనుక బర్నర్లను కొంచెం పక్కకు జరిపి, ఎడమనుండి కుడికి నాలుగూ మీటల వరసలోనే కనపడేలా చేశారు. 1200 సార్లు పరీక్షిస్తే ఒక్క పొరపాటూ రాలేదు. తక్కిన అమరికల్లో తప్పులు వచ్చాయి. అయినా పాత పద్ధతి పొయ్యిలు నేటికీ దుకాణాల్లో వున్నాయి. చూపుకు చక్కగా వుంటాయని కాబోలు!

ఇంకో వింత. కాలిక్యులేటరు, ఫోను పక్కపక్కన పెట్టి అంకెలు చూడండి. కాలిక్యులేటరులో పై వరసలో 7, 8, 9 వుంటాయి. ఫోనులో పై వరసలో 1, 2, 3 వుంటాయి. అమెరికాలోని బెల్ ప్రయోగశాలవాళ్ళు అనేక అమరికలను మనుషులతో నొక్కించి చూసి, 1963లో వచ్చిన మీటల టెలిఫోనుకు ఈ వరసను ఖాయం చేశారు. కాలిక్యులేటరువాళ్ళు తమ పాత అలవాటు మార్చుకోలేదు. ఫలితంగా రెండూ వాడే గుమాస్తా వేళ్ళు రెండు విద్యలు నేర్చుకోవాలి.

ఇక మన దేశపు మీట ఒకదాన్ని చూద్దాం. దాన్ని మీ అమ్మ, నాన్న, తాతయ్య అందరూ నొక్కే వుంటారు. అది ఓటింగు యంత్రంమీది నీలం మీట. ఈ యంత్రాలను రెండు సంస్థలు తయారుచేస్తాయి. ఒకటి హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ (ఇ.సి.ఐ.ఎల్.), రెండవది బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్. యంత్రానికి రూపం దిద్దడంలో బొంబాయి ఐ.ఐ.టి.లోని పారిశ్రామిక డిజైన్ కేంద్రం ఆచార్యుల పాలు వుంది. 1982లో కేరళలోని పరవూరులో 50 పోలింగు కేంద్రాల్లో మొదటిసారి వాడారు. 2004 నాటికి లోక్‌సభ ఎన్నిక దేశమంతా యంత్రాలతోనే జరిగింది.

దీన్ని వాడేవాళ్ళు ఎవరో ఆలోచించండి. చదువు వచ్చినవాళ్ళు, రానివాళ్ళు, కళ్ళు సరిగా ఆననివాళ్ళు, చేతులు వణికేవాళ్ళు. ఏళ్ళ తర్వాత ఒక్కసారి, ఒక్క నిమిషం వాడతారు. నేర్చుకునే వ్యవధి లేదు. పొరపాటున పక్క మీట నొక్కితే ఓటు పోయినట్టే. వెనక్కి తీసుకునే వీలు లేదు.

అందుకే యంత్రాన్ని రెండు పెట్టెలు చేశారు. ఒకటి అధికారి దగ్గర, ఒకటి అట్టల మరుగున ఓటరు దగ్గర. అధికారి తన మీట నొక్కితేనే ఓటరు పెట్టె సిద్ధమయి, పచ్చదీపం వెలుగుతుంది. ఓటరు తనకు కావలసిన గుర్తు ఎదురుగా వున్న నీలం మీట నొక్కుతారు. ఆ గుర్తు పక్కనే ఎర్రదీపం వెలుగుతుంది, 'బీప్' అని మోగుతుంది. కంటికీ చెవికీ కూడా జవాబు వచ్చిందన్నమాట. మళ్ళీ ఎన్నిసార్లు నొక్కినా ఏమీ జరగదు. తర్వాత జతచేసిన పెట్టెలో ఓటు పడిన గుర్తు చీటీమీద 7 సెకన్లపాటు కనిపిస్తుంది. పోటీలో తొమ్మిదిమందే వుంటే, వాడని మీటలు మూసివేసి వుంటాయి. చూపులేనివాళ్ళకోసం మీటల పక్కన బ్రెయిలు చుక్కలున్నాయి. అధికారి 'ముగింపు' మీట నొక్కితే ఇక ఓటు పడదు; అది నొక్కకుండా ఫలితం రాదు. తప్పు చేయవద్దని గోడమీద రాసిపెట్టడం ఒక పద్ధతి. తప్పు చేయడానికి వీలే లేకుండా అమర్చడం ఇంకో పద్ధతి. ఈ రెండవ పద్ధతిని ఇంత శ్రద్ధగా పాటించిన పరికరాలు మన చుట్టూ ఎక్కువ లేవని నా అభిప్రాయం.

2024 మే 13న తిరువూరు ఓటర్లు ఒకేసారి రెండు ఎన్నికల్లో ఓటు వేశారు: విజయవాడ లోక్‌సభ స్థానానికి ఒకటి, తిరువూరు శాసనసభ స్థానానికి ఒకటి. యంత్రాలు రెండూ ఒకే ఆకారం. మరి చుట్టానికి వచ్చిన చిక్కే ఇక్కడా రావాలి కదా! లోక్‌సభ యంత్రంమీద అంటించే కాగితం తెలుపు, శాసనసభది గులాబీరంగు. ఖర్చులేని ఉపాయం!

అయితే ఈ యంత్రానికీ ఒక పరీక్ష ఎదురయింది. ఒక్క ఓటరు పెట్టెలో 16 మీటలుంటాయి. 2019లో నిజామాబాదు లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీ చేశారు. వారిలో ఎక్కువమంది పసుపు, ఎర్రజొన్న గిట్టుబాటు ధరకోసం నామినేషన్లు వేసిన రైతులు. 'పై వారెవ్వరూ కారు' అనే మీటతో కలిపి 186. పదహారుతో భాగించండి. 12 పెట్టెలు కావాలి, 6 మీటలు మిగులుతాయి. ఓటింగు గదిలో నిజంగానే 12 పెట్టెలు పెట్టారు. ప్రతి మీటా మంచిదే, కాని 186 మీటల్లో మన మీటను వెతకాలంటే? సంఖ్య పెరిగితే మంచి అమరిక కూడా బరువవుతుంది.

అంతకుముందు 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడు నీళ్ళతో ఎముకలు వంగిపోయిన ప్రాంతం అది. మంచినీళ్ళ సంగతి దేశానికి తెలియాలని అంతమంది నిలబడ్డారు. అప్పుడు బ్యాలెట్ పత్రం ఒక పుస్తకంలా తయారయింది. ఈనాటి యంత్రానికి ఎక్కువలో ఎక్కువ 24 పెట్టెలు కలపవచ్చు. 480 మందికి అది సరిపోతుందో లేదో మీరే లెక్కవేయండి.

ఇప్పుడు తిరువూరు బజారులో ఏదయినా కిరాణాకొట్టు దగ్గర నిలబడండి. కొన్నవాళ్ళు ఫోనుతో డబ్బు చెల్లిస్తే, బల్లమీది చిన్న పెట్టె అందిన మొత్తాన్ని పైకి చదువుతుంది. ఓటు యంత్రపు 'బీప్'కు ఇది చెల్లెలు. కొట్టతను పప్పు తూస్తూనే వింటాడు, ఫోను చూడనక్కరలేదు. అదే ఫోనులో ఒక మూల మూడు అడ్డగీతలుంటాయి, గమనించారా? 1981లో జిరాక్స్ స్టార్ అనే కంప్యూటరుకోసం నార్మ్ కాక్స్ గీసిన బొమ్మ అది. ఇక్కడ ఒక జాబితా దాగివుందని దాని అర్థం. తెలిసినవాళ్ళకు సరే. తెలియని అమ్మమ్మకు అవి మూడు గీతలే. ఆ చోట 'జాబితా' అని తెలుగులో రాస్తే ఎంత స్థలం పడుతుంది? గీతలు కనీసం కనపడతాయి. కొన్ని ఫోన్లలో వెనక్కి వెళ్ళాలంటే అంచునుండి వేలు జరపాలి. ఆ సంగతి తెరమీద ఏ గుర్తూ చెప్పదు. మీటనే మాయం చేసి, దాన్ని సొగసు అనుకోవడం నాకు నచ్చదు.

సరే, మీరు ఒక పని చేసి చూడండి. మీ యింటికి ఎప్పుడూ రాని అయిదుగురు స్నేహితులను ఒక్కొక్కరినే పిలవండి. ఒక్కొక్కరితో ఫ్యాను, లైటు, వరండా దీపం వేయించండి. తప్పు నొక్కుళ్ళు ఎన్నో కాగితంమీద రాసుకోండి. తర్వాత ఏ స్విచ్చి దేనిదో చిన్న బొమ్మలు గీసి, స్విచ్చుల పైన అంటించండి. మరో అయిదుగురిని పిలిచి మళ్ళీ లెక్కపెట్టండి. మొదటివాళ్ళనే పిలవకూడదు, వాళ్ళు ఈపాటికి బోర్డు నేర్చుకునివుంటారు. రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూడండి. తేడా రాకపోతే మీ బొమ్మలు స్నేహితులకు అర్థమయ్యాయో లేదో అడగండి. బోర్డు విప్పి తీగలు మార్చే పని మాత్రం ఎలక్ట్రీషియన్‌కే వదిలెయ్యండి.