ఘ్రాణేంద్రియానికి సాధన

పంచభూతాలలో పృథివికి విశేష గుణం గంధం. దానిని గ్రహించేది ఘ్రాణేంద్రియం. చూపు కొంచెం మందగిస్తే కళ్ళద్దాలకు పరుగెత్తే మనం, వాసన తెలియడం లేదని వైద్యునికి చెప్పుకోవడం అరుదు. 2020లో కరోనా వచ్చిన తరువాతనే, పోపు మాడినా తెలియని ఇల్లాళ్ళు మా జోగిపేటలో నా వద్దకు రాసాగారు.

గురుకులంలో కళ్ళు మూసుకుని వట్టివేరును, తుంగముస్తను, వసను వేరువేరుగా చెప్పగలిగితేనే మాకు తరువాతి పాఠం. అరిష్టాలు కాచేవానికి ఈ విద్య లేనిదే పని సాగదు. చక్కగా పక్వమైన ద్రాక్షారిష్టంలో మొదట ద్రాక్ష, వెనుకనే దాల్చినచెక్క, ఏలకి పలుకుతాయి. గాలి చొరబడి చెడినదైతే ముక్కును పొడిచే పులుపు వస్తుంది. అది శుక్తం, అంటే సిర్కా అయిందన్నమాట. ఫ్రాన్సు దేశంలో వైన్ పరీక్షకులు గ్లాసును తిప్పి ముందుగా ముక్కు పెట్టేది కూడా ఇందుకే. మద్యం సేవించమని నా మాట కాదు. నాలుక గుర్తించే రుచులు కొన్నే, తక్కినదంతా వాసనే అని చెప్పడం. జలుబు చేసినప్పుడు మామిడిపండు ఉత్త తీపిగా తోచడం గమనించే ఉంటారు.

తొలకరికి లేచే మట్టి వాసనను ఉత్తరప్రదేశ్‌లోని కన్నోజ్‌లో బట్టీపట్టి చందన తైలంలోకి దింపి అత్తరు చేస్తారు. 1964లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు బేర్, థామస్ ఆ పరిమళానికి పెట్రికోర్ అని పేరు పెట్టారు. అందులో ముఖ్యమైన జియోస్మిన్‌ను నేలలోని సూక్ష్మజీవులే తయారుచేస్తాయి. జోగిపేట చేలగట్టున నిలిస్తే ఆ అత్తరు వెల లేకుండానే దొరుకుతుంది.

అదే జిల్లాలో పటాన్‌చెరు వైపు సంగతి వేరు. అక్కడి నక్కవాగు కాలుష్యం 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రసాయన కర్మాగారాల పనివారు, "మొదట్లో వాసన కొట్టేది, ఇప్పుడు అలవాటయింది సారూ" అంటారు. అలవాటు పడినది ముక్కు మాత్రమే. ఆవిరి ఊపిరితిత్తులలోకి పోతూనే ఉంటుంది. హైడ్రోజన్ సల్ఫైడు వాయువు కొద్దిగా ఉంటే కుళ్ళిన గుడ్డు వాసన. సుమారు 100 పీపీఎం చేరితే ఘ్రాణశక్తినే మొద్దుబారుస్తుంది. అక్కడ వాసన ఆగిపోవడమే అపాయ సూచన. వంటగ్యాసుకు స్వతహాగా వాసన లేదు, మనం పసిగట్టాలనే ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. వాసన తెలియని పెద్దలున్న ఇంట రాత్రి రెగ్యులేటరు కట్టే బాధ్యత మరొకరు తీసుకోవాలి.

మందగించిన ముక్కుకు సాధన ఉన్నది. జర్మనీలోని డ్రెస్డెన్ వైద్యుడు హుమెల్ బృందం 2009లో ప్రకటించిన పద్ధతిలో గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలాల వాసనలను రోజుకు రెండుసార్లు, 12 వారాలు చూపించారు. ఇంట్లో నాలుగు చిన్న సీసాలు చాలు: దంచిన లవంగాలు, నిమ్మతొక్క, దూదిపై గులాబీ అత్తరు, మరొక దూదిపై రెండు చుక్కల నీలగిరి తైలం. ఒక్కొక్కటి 10 సెకన్లు మెల్లగా, నడుమ కొంత విరామంతో ఆఘ్రాణించండి. ఏమీ తెలియకపోయినా ఆ వస్తువును, అది తిన్న రోజును స్మరించండి. సగం సాధన అదే. నిమ్మతొక్కను తరచుగా మార్చాలి. అందరికీ పూర్తిగా తిరిగి రాదు, వచ్చేవారికీ నెలలు పడుతుంది.

పాత పీనసం ఉన్నవారికి నేను అణుతైల నస్యం ఇస్తాను. జ్వరంలోను, కొత్త జలుబులోను, భోజనమైన వెంటనేను అది కూడదు. తలకు దెబ్బ తగిలాక వాసన పోయినా, ఒక పక్క ముక్కునుండే నెత్తురు వస్తున్నా చెవి, ముక్కు, గొంతు నిపుణుని వద్దకు వెళ్ళండి. పెద్దవయసులో వాసన తగ్గడంతోపాటు చేతివణుకు, నడకలో మాంద్యం కనిపిస్తే నరాల వైద్యునికి చూపాలి. కంపవాతానికి ఏళ్ళ ముందే ఈ లోపం తలెత్తవచ్చు.

నీలగిరి తైలం కొంచెం కడుపులోకి పోయినా పసివారికి విషమే. ఆ సీసాను ఎత్తైన అరలో ఉంచండి.